కాలువగట్టు బడి: నాలుగో ఏడు పిల్లలను పంపుతున్న తండ్రిగా నా సమీక్ష

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి వైపు వెళ్లే దారిలో, పంటకాలువ గట్టును ఆనుకుని మా పేట ఉంది. పేట చివర మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు అరవై నలుగురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, నాలుగు గదులు, ఒక వంటగది, ఆవరణ మధ్యలో ఒక వేపచెట్టు. మా అమ్మాయి రెండో తరగతిలో ఇక్కడ చేరి ఇప్పుడు ఐదో తరగతి చదువుతోంది. అబ్బాయి ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు. మా నాన్నగారు, తాతగారు, నేను కూడా ఇక్కడే అక్షరాలు దిద్దుకున్నాం కాబట్టి నాకు ఈ బడి మీద అభిమానం ఉందన్న మాట నిజం. అయినా పిల్లలను ఇక్కడ చేర్చింది ఆ అభిమానంతో కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన బంధువులు, కొత్తగా పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నవారు "ఆ బడిలో వేయవచ్చాండీ" అని తరచుగా అడుగుతున్నారు. వారందరికీ విడివిడిగా చెప్పిన జవాబునే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఈ బడి పేర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని చరిత్ర అంతా ఆ పేర్లలోనే ఉంది. మా తాతగారు చివరివరకూ దీన్ని బోర్డు స్కూలు అనేవారు. నాన్నగారు సమితి స్కూలు అంటారు. నా ఈడు వాళ్లందరికీ ఇది మండల స్కూలు. పల్లె బడులు ఒకప్పుడు జిల్లా బోర్డుల అజమాయిషీలో ఉండేవి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడిన తరువాత సమితుల కిందికి వచ్చాయి. 1986 నాటి చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. పైన ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద రంగు, అక్షరాలు మారాయి తప్ప కింద పిల్లలు కూర్చునే నేల మారలేదు. ఈ స్థలం పేటలోని ఒక రైతు కుటుంబం ఇచ్చింది. కొబ్బరి మొక్కలు పెట్టుకోవలసిన మెరక భూమిని బడికి వదిలి, తాము పల్లంలో ఇల్లు కట్టుకున్నారని పెద్దలు చెబుతారు. వరద వచ్చిన ప్రతిసారీ ఆ నిర్ణయం విలువ పేటకు తెలిసివచ్చింది.

బడి గంటగా వాడేది ఒక రైలు పట్టా ముక్క. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలుమార్గాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో, పీకివేశారు. ఆ దారిన మళ్లీ రైలు నడిచింది 2004లోనే. మధ్యనున్న అరవై నాలుగేళ్లూ మా ప్రాంతంలో రైలు గురించి మిగిలినవి పెద్దల కబుర్లు, అక్కడక్కడ కట్టల గుర్తులు, ఇలాంటి ఇనుప ముక్కలు. మా బడి గంట ఆ పాత పట్టాలోదేనని తాతగారి తరం గట్టిగా నమ్మేది. మధ్యలో ఒక అడుగు మేర సుత్తి దెబ్బలకు నునుపు తేలి అద్దంలా మెరుస్తుంది, రెండు చివరలూ తుప్పు పట్టి ముతకగా ఉంటాయి. ఉదయం ఆ గంట మోగగానే కాలువకు అవతలి గట్టున ఉన్న పిల్లలు కూడా చద్దన్నం గిన్నె కింద పెట్టి పరుగు తీస్తారు.

పాఠశాలలో నేను అందరినీ చూడమని చెప్పేది ప్రవేశ రిజిస్టరు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా వైపు ఇప్పటికీ కొలబద్దగా వాడుతారు. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించిన ఆ వరదలో గట్లు తెగి ఎన్నో ఊళ్లు మునిగాయి. మా పేటలోకి రాత్రివేళ నీరు వచ్చినప్పుడు అప్పటి ప్రధానోపాధ్యాయుడు బడిలోనే ఉండి, రిజిస్టర్లున్న రేకు పెట్టెను బల్ల మీద బల్ల వేసి ఎక్కించారట. తెల్లవారి రేవు పడవ నడిపే ఆయన ఆ పెట్టెను పడవలో వేసుకుని శివాలయం అరుగు మీదికి చేర్చాడు. పెట్టె అడుగున ఉన్న పుస్తకాలు తడిశాయి. పేటలోని ఆడవాళ్లు వాటిని ఆకు ఆకు విడదీసి, అంటుకోకుండా మధ్యలో విస్తళ్లు పెట్టి, పొయ్యి గట్ల మీద ఆరబెట్టారు. ఇప్పటికీ ఆ రిజిస్టరు తెరిస్తే ప్రతి పేజీకీ అడుగుభాగాన బెల్లం రంగులో ఒక అలల గీత కనిపిస్తుంది. నాన్నగారి పేరు ఆ గీతకు సరిగ్గా పైన ఉంది, ఆయన కంటే ఒక ఏడు ముందు చేరిన మేనత్త పేరు గీత కింద, సగం కరిగిపోయిన సిరాలో ఉంది. తన పుట్టిన తేదీకి ఆధారం కావలసి వచ్చినప్పుడు అత్తయ్య ఆ పేజీ నకలు తీసుకువెళ్లి చూపించి పని చేయించుకుంది. ఆ రోజు ఆరబెట్టినవారు లేకపోతే పేటలో ఎందరికి వయసు నిరూపించుకునే దారి ఉండేది కాదో లెక్క వేయడం కష్టం.

ఆ తరువాతి దెబ్బ 1996 నవంబరు 6 నాటి తుఫాను. కాకినాడకు దిగువన తీరం దాటిన ఆ గాలికి కోనసీమ పొడవునా కొబ్బరితోటలు నేలకొరిగాయి, వందల ప్రాణాలు పోయాయి. నేను అప్పుడు మూడో తరగతి. మర్నాడు బడికి వెళితే గోడలు నిలబడి ఉన్నాయి, పైన ఆకాశం ఉంది. పెంకులు ఆవరణ నిండా పగిలిపడి ఉన్నాయి. పైకప్పు వేయడానికి డబ్బు మంజూరయ్యేదాకా వేపచెట్టు కింద చదువు నడిచింది కానీ, వానకు ఆగక పెద్దలు సొంతంగా పని మొదలుపెట్టారు. గాలికి పడిన తాటిచెట్లను కోయించి వాసాలుగా చీల్చారు. ఇళ్లమీద మిగిలిన మంచి పెంకులను ఇంటికి ఇన్ని చొప్పున లెక్కగట్టి తెచ్చారు. తన ఇంటికే కప్పు లేని ఒక మామ్మగారు ఇరవై పెంకులు ఒడిలో పెట్టుకుని తెచ్చి గుమ్మంలో పేర్చిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. "పిల్లలు తడవకూడదు కదా బాబూ, నా మీద ఎలాగూ తాటాకు వేస్తారు" అని ఆమె అన్నమాట మా మాస్టారు తరగతిలో చాలాసార్లు చెప్పేవారు. ఆ పెంకుల గది ఇప్పుడు బియ్యం, పుస్తకాలు దాచే గదిగా వాడుతున్నారు. దానికి మూడు నాలుగు రకాల అచ్చుల పెంకులు ఉండడానికి కారణం అదే.

ఇప్పటి పరిస్థితికి వస్తే, భవనం విషయంలో చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ప్రభుత్వ బడులను బాగుచేయడానికి 2019 నవంబరులో మొదలైన నాడు నేడు పనుల్లో గచ్చు, ఫ్యాన్లు, పచ్చబోర్డులు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు వచ్చాయి. ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఈ చివరిది ఎంత ముఖ్యమో తెలుసు. ఆయమ్మ రోజూ రెండుసార్లు కడుగుతుంది. నేను చెప్పకుండా వెళ్లి చూసిన రోజుల్లో కూడా శుభ్రంగానే ఉన్నాయి.

చదువు గురించి కొంచెం వివరంగా చెబుతాను. మా అమ్మాయి ఒకటో తరగతి ఒక ప్రైవేటు పాఠశాలలో చదివింది. దాని పేరు ఇక్కడ అనవసరం. తెల్లవారుజామున వ్యాను ఎక్కి, సాయంత్రం తోటకూర కాడలా వాలిపోయి దిగేది. ఇంగ్లీషు పద్యాలు గడగడ అప్పజెప్పేది గానీ, ఏడాది చివర దుకాణం బోర్డు మీద "కొబ్బరి నూనె" అని ఉంటే చదవలేక నా ముఖం చూసింది. ఫీజు గురించి మాట్లాడడానికి తప్ప మమ్మల్ని లోపలికి రానివ్వని చోట ఆ లోపం ఎవరితో చెప్పుకోవాలో మాకు తెలియలేదు. ఈ బడిలో చేర్చిన మొదటి వారం టీచరుగారు పుస్తకం పక్కన పెట్టి, ఒక కొబ్బరికాయ, ఒక మట్ట, కొంత పీచు, ఒక కురిడీ కాయ బల్లమీద పెట్టారు. పేరు చెప్పడం, నేలమీద సుద్దతో రాయడం, ఒత్తు ఎక్కడ పడిందో వేలితో చూపడం. ఆ పూటంతా అదే పాఠం. "మట్ట"లో ఒత్తు పలికినట్టే "కొబ్బరి"లో ఎలా పలుకుతుందో పిల్లలు తమంతట తాము పట్టుకున్నారు. మూడు నెలల్లో మా అమ్మాయి దినపత్రికలో పెద్ద అక్షరాల వార్తలు కూడబలుక్కుని చదవసాగింది. ఏడాది తిరిగేసరికి మా అమ్మకు వారపత్రిక కథలు చదివి వినిపించింది.

లెక్కల్లోనూ అదే పద్ధతి. నేను ధాన్యం మిల్లులో గుమాస్తాను. ఒక సాయంత్రం నా కాటా చీటీలు చూసి అమ్మాయి, "నాన్నా, బస్తా 75 కిలోలైతే, ఎకరానికి ముప్పై బస్తాలు పండితే ఎన్ని క్వింటాళ్లో చెప్పనా" అని, వేళ్లమీద కాదు, కాగితం మీద హెచ్చవేసి, వంద చేత భాగించి ఇరవై రెండున్నర అని చూపింది. ఆ లెక్క బడిలో ఇచ్చినదే. సార్వా కోతలప్పుడు ధాన్యం లెక్కలు, కాలువలు కట్టేసే రోజుల్లో చెరువు నీటి లెక్కలు, సంక్రాంతికి ముగ్గు చుక్కల లెక్కలు ఇస్తారు. ఇంట్లో రోజూ వినబడే మాటలే కాబట్టి పిల్లలకు లెక్క అంటే బెదురు లేదు.

ఇంగ్లీషు సంగతి అడిగేవారికి నిజాయితీగా చెప్పాలి. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలు రెండింటినీ పోల్చి అర్థం చేసుకుంటారు. చదవడం, రాయడం బాగానే వస్తున్నాయి. మాట్లాడడం మాత్రం తక్కువ. ఐదో తరగతి పిల్లలు అడిగిన దానికి ఒక వాక్యంలో జవాబు చెప్పగలరు, అంతకు మించి సాగదు. దీనికోసమే పిల్లను వ్యానెక్కించాలనుకునే వారితో నేను వాదించను. నాకు మాత్రం ముందు సొంతభాషలో చదివి అర్థం చేసుకునే శక్తి రావడం ముఖ్యంగా తోచింది.

మధ్యాహ్న భోజనం ఈ బడికి బలమైన పక్షం. రాష్ట్రంలో ఈ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో తన గుమ్మం తొక్కిన ఏ వేళ వారికైనా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ తల్లి మా గోదావరి లంకల, అంటే ఏటి మధ్య దీవుల, మనిషి కాబట్టి, ఆ పేరు ఉన్న భోజనం చప్పగా ఉంటే మా పేట ఆడవాళ్లు ఊరుకోరు. వండేది పొదుపు సంఘంలోని ఇద్దరు స్త్రీలు. ఇద్దరి పిల్లలూ ఈ బడిలోనే చదివారు. వారానికి ఐదు గుడ్లు, శనివారం తీపి పొంగలి ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చే సరుకుతోనే వంట అయినా, పక్కన చేరేవి పేటవి: ఎవరి పెరట్లో మునగ కాస్తే వారు కాడలు పంపుతారు, మామిడి పిందె కాలంలో పప్పులోకి కాయలు వస్తాయి, కరివేపాకు ఏనాడూ కొన్నట్టు వినలేదు. పిల్లల పుట్టినరోజులకు, పెద్దల తద్దినాలకు ఇంత పులిహోరో బూరెలో బడికి చేరడం ఆనవాయితీ. మొదటి ముద్ద టీచరుగారు తిని చూసిన తరువాతే పిల్లలకు వడ్డిస్తారు. ఒకరోజు పప్పులో ఉప్పు ఎక్కువైతే, వంట చేసే పిన్నిగారు తానే వచ్చి పిల్లలకు చెప్పి, ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి పోసింది. నేను ఆ రోజు అబ్బాయి పేరు రాయించడానికి వెళ్లి ఉన్నాను.

ఇంత చిన్న బడి ఇన్నేళ్లు నిలబడడానికి కారణం ఏమిటని ఆలోచిస్తే, దీన్ని నడిపే పనిలో ప్రతి ఇంటికీ ఏదో ఒక వంతు ఉండడమే అనిపిస్తుంది. బడిలో వేద్దామా అని అడిగేవారిని నేను గదులు చూడమనను. ఉదయం తొమ్మిదికి గేటు దగ్గర ఒక పావుగంట నిలబడి, ఎవరెవరు వస్తున్నారో చూడమంటాను. కాలువ వంతెన దగ్గర సోడాబండి ఆయన పిల్లలను చేయి పట్టి దాటిస్తాడు. ఆయనకు బడిలో చదివే పిల్లలు లేరు. విరమణ చేసిన ఒక మాస్టారు వారానికి మూడు సాయంత్రాలు వెనుకబడిన పిల్లలను వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఎక్కాలు చెబుతారు. రెండు రోజులు రాని పిల్లవాడి ఇంటికి ముందుగా వెళ్లేది టీచరు కాదు, పాలకేంద్రం దగ్గర కబురు విన్న పక్కింటి అమ్మ. గోదావరి పాయ గౌతమి పొంగి లంకల దారి మునిగితే, లంక పిల్లలను పేటలో ఎవరి ఇళ్లలో ఉంచాలో ముందే మాట్లాడుకుంటారు. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇంట్లో ఇద్దరు పిల్లలు తొమ్మిది రోజులు ఉన్నారు. నీరు తీశాక వారి తండ్రి ఒక గెల అరటిపళ్లు భుజాన వేసుకుని వచ్చి మా గుమ్మంలో దించాడు. ఆ పిల్లలూ మా అమ్మాయీ ఇప్పటికీ ఒకే బల్లమీద కూర్చుంటారు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. చాలాచోట్ల ఇది సంతకాలకే పరిమితమని వింటాను. మా దగ్గర కమిటీ సమావేశం నెలలో ఒకసారి నిజంగా జరుగుతుంది, ఆడవాళ్లే ఎక్కువ మాట్లాడతారు. 2022లో ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపే పని సాగినప్పుడు మా బడి పేరు కూడా వినబడింది. ఉన్నత పాఠశాలకు వెళ్లే దారిలో కాలువ వంతెనకు అప్పట్లో ఒకవైపు పిట్టగోడ లేదు. ఎనిమిదేళ్ల పిల్లలు ఆ వంతెన మీద లారీల పక్కన ఎలా నడుస్తారో వచ్చి చూడమని తల్లులు అధికారులను అడిగారు. చూడడానికి వచ్చిన అధికారిని రోడ్డుమీద నిలబెట్టి పిల్లల వరుసను నడిపించి చూపించారు. తరగతులు ఇక్కడే మిగిలాయి.

లోపాలు ఉన్నాయి, దాచవలసిన పని లేదు. చట్టం ప్రకారం పిల్లలు అరవై దాటితే ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి; ఉన్నది ఇద్దరు. ఒకరు శిక్షణకు వెళ్లిన రోజు ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. ఆ రోజుల్లో చదువు జరగదనే చెప్పాలి, పిల్లలను కూర్చోబెట్టడమే గొప్ప. మూడో పోస్టు కోసం మేము పెట్టిన అర్జీ ఒక కార్యాలయంలో ఏడాదికి పైగా కదలలేదు. నాలుగుసార్లు తిరిగిన మా కమిటీ తల్లులు నాలుగు రోజుల కూలి పోగొట్టుకున్నారు. దీని గురించి నాకు కోపం ఉంది. హాజరు, భోజనం, మరుగుదొడ్లు అంటూ ఫొటోలు తీసి ఫోనులో పంపే పని ఉపాధ్యాయుల పూటలో చాలా భాగం తినేస్తోంది. గ్రంథాలయం పుస్తకాలు మంచివే అయినా బీరువాలో తాళం వేసి ఉంటాయి, చిరిగిపోతాయన్న భయంతో. వరదలో తడిసిన కాగితాన్ని ఆకు ఆకు ఆరబెట్టిన పేటలో ఆ భయం అక్కరలేదని నేను కమిటీలో అన్నాను. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం బీరువా తెరుస్తున్నారు. అది సరిపోదు. ఉత్తరం వైపు కాలువకు, ఆవరణకు మధ్య ప్రహరీ లేదు. వెదురు తడిక ఉంది. కాలువకు నీరు వదిలేదీ బడి తెరిచేదీ ఒకే నెల కాబట్టి, ప్రతి జూన్‌లో తడికను కొత్తగా బిగించే పని పేట కుర్రాళ్లు చేస్తున్నారు. చిన్నపిల్లలున్నవారు ఈ ఒక్క విషయం స్వయంగా చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఖర్చు ఏమీ లేదు. పుస్తకాలు, బట్టలు, సంచి, బూట్లు ప్రభుత్వం ఇస్తుంది. బూట్ల కొలత ఒక్కోసారి సరిపోదు, పేటలో పిల్లలు మార్చుకుంటారు. పిల్లవాడికి పిల్లవాడికి మధ్య కులం, కలిమి తేడా కూర్చునే చోట గానీ తినే చోట గానీ నాకు కనబడలేదు. నా చిన్నప్పుడు కనబడేది, ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. మూడో ఉపాధ్యాయుడు వచ్చి, ప్రహరీ లేచిన రోజు అయిదోది ఇస్తాను. చేర్చదలచినవారు జనన ధ్రువపత్రం, ఆధార్ నకలు పట్టుకుని ఉదయం పూట వెళ్లండి. భోజనాల వేళ ప్రధానోపాధ్యాయురాలు వంటగది గుమ్మంలోనే ఉంటారు, అప్పుడు కాగితాల పని జరగదు. కానీ ఆ వేళకు వెళితే మీకు కూడా ఒక విస్తరి వేస్తారు. ప్రవేశ రిజిస్టరు చూస్తామని అడగండి, కాదనరు. పాత సంపుటం మాత్రం మీ చేత తిప్పనివ్వరు, ఆవిడే పేజీలు తిప్పి చూపిస్తారు.